పాస్‌వర్డు సరైనదే, మరి డేటాబేస్ ఎందుకు రానివ్వదు?

గత నెలలో ఒకే వారంలో ముగ్గురు నా ఫోనుకు దాదాపు ఒకే ఫొటో పంపారు. నల్లటి తెర, దాని మీద ప్రవేశం లేదని చెప్పే ఒక ఆంగ్ల వాక్యం. మొదటి ఫొటో భీమవరంలో ఇంజనీరింగు చివరి సంవత్సరం చదువుతున్న అమ్మాయిది. ప్రాజెక్టు చూపించడానికి ఆమెకు నాలుగు రోజులే మిగిలాయి. రెండవది మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో లెక్కలు చూసే పెద్దాయనది. మూడవది కడియం వైపు ఒక నర్సరీలో మొక్కల నిల్వలను కంప్యూటర్‌లోకి ఎక్కిస్తున్న కుర్రవాడిది. ముగ్గురూ అప్పుడే లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ మీద డేటాబేస్‌ను కొత్తగా ఇన్‌స్టాల్ చేశారు. ముగ్గురూ ఒకటే మాట అన్నారు: "పాస్‌వర్డు సరిగ్గానే కొడుతున్నానండీ, తీసుకోవడం లేదు."

ముగ్గురూ చెప్పింది నిజమే. అయినా ముగ్గురి సమస్యలూ వేర్వేరు. ఒకరిని డేటాబేస్ అసలు పాస్‌వర్డే అడగలేదు. ఇంకొకరు చెప్పింది ఆ డేటాబేస్‌కు తెలియని కొత్త పాస్‌వర్డు. మూడవ వ్యక్తి వాడిన ఖాతాకు పాస్‌వర్డు అన్నదే లేదు. తెర మీద వాక్యం ఒకేలా ఉండటంతో ముగ్గురూ ఒకే మందు వెతుక్కున్నారు, ఎవరికీ పనిచేయలేదు. ఈ చిక్కుముడి ఎక్కడ పడుతుందో మొదటి పోగు నుంచి విప్పి చూద్దాం.

రూట్‌లు ఇద్దరు

లైనక్స్‌లో సర్వాధికారాలు ఉన్న ఖాతాను రూట్ అంటారు. మైఎస్‌క్యూఎల్, దాని నుంచి పుట్టిన మరియాడీబీ అనే డేటాబేస్‌లలో కూడా పెద్ద ఖాతా పేరు రూటే. పేరు కలిసింది కాబట్టి ఇద్దరూ ఒకరేనని చాలామంది అనుకుంటారు. నిజానికి ఒక రూట్ కంప్యూటర్ మొత్తానికి యజమాని, రెండవ రూట్ డేటాబేస్ లోపలి పట్టికలకు మాత్రమే పెద్ద. మొదటి రూట్ వివరాలను లైనక్స్ దాచుకుంటుంది. రెండవ రూట్ వివరాలను డేటాబేస్ తన సొంత పట్టికలో దాచుకుంటుంది. ఒకరి పాస్‌వర్డు మారిస్తే రెండవవారి పాస్‌వర్డు మారదు.

పోస్ట్‌గ్రెస్ అనే మరో డేటాబేస్‌లో ఈ పెద్ద ఖాతా పేరు పోస్ట్‌గ్రెస్ అనే ఉంటుంది. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు అదే పేరుతో లైనక్స్‌లోనూ ఒక ఖాతా తయారవుతుంది. ఇక్కడా ఇద్దరే, పేరు ఒకటే.

ఇంకో సంగతి. మైఎస్‌క్యూఎల్ కుటుంబంలో ఖాతా అంటే పేరు ఒక్కటే కాదు, పేరూ అది వచ్చే చోటూ కలిసిన జంట. లోకల్‌హోస్ట్ నుంచి, అంటే అదే కంప్యూటర్ నుంచి వచ్చే రూట్ ఒక ఖాతా. ఎక్కడి నుంచైనా రావచ్చని శాతం గుర్తుతో రాసిన రూట్ ఇంకొక ఖాతా. రెండింటికీ పాస్‌వర్డులు వేరుగా ఉండవచ్చు, హక్కులూ వేరుగా ఉండవచ్చు. మన ఊళ్లలో పేరు చెప్పగానే "ఏ ఊరి తాలూకు" అని అడిగినట్టే ఇదీ.

వీధి గుమ్మం, పెరటి గుమ్మం

కోనసీమలో పాత మండువా లోగిలి చూసినవారికి తర్వాతి విషయం సులువుగా అర్థమవుతుంది. ఆ ఇళ్లకు వీధి గుమ్మం ఒకటి, పెరటి గుమ్మం ఒకటి. వీధి గుమ్మంలోంచి వచ్చిన మనిషిని "ఎవరండీ, ఎక్కడి నుంచి" అని అడుగుతారు. పెరట్లోంచి పాలచెంబుతో వచ్చే మనిషిని ఎవరూ అడగరు. పెరట్లోకి రావాలంటే ముందే ఆవరణ దాటి ఉండాలి, ఆ మనిషి ముఖం ఇంటిల్లిపాదికీ తెలుసు.

లైనక్స్ మీద నడిచే డేటాబేస్‌కూ రెండు గుమ్మాలు ఉంటాయి. వీధి గుమ్మం నెట్‌వర్క్ పోర్టు: మైఎస్‌క్యూఎల్, మరియాడీబీలకు 3306, పోస్ట్‌గ్రెస్‌కు 5432. పెరటి గుమ్మం సాకెట్ ఫైలు. అది ఆ కంప్యూటర్ డిస్కు మీదే ఉండే ప్రత్యేకమైన ఫైలు. అదే యంత్రంలో నడుస్తున్న ప్రోగ్రాములు తప్ప బయటివారు దాని గుండా రాలేరు.

సాకెట్ ఫైలుకు ఒక గొప్ప గుణం ఉంది. దాని గుండా ఎవరు వచ్చారో లైనక్స్ కెర్నల్‌కు, అంటే లైనక్స్ గుండెకాయలాంటి భాగానికి, తెలుసు. వచ్చిన ప్రోగ్రామును ఏ లైనక్స్ ఖాతా నడుపుతోందో సర్వర్, అంటే డేటాబేస్‌ను నడిపే ప్రోగ్రాము, అడిగితే కెర్నల్ చెబుతుంది. వచ్చినవాడు తన పేరు మార్చి చెప్పుకున్నా కెర్నల్ సాక్ష్యం మారదు. ఈ సాక్ష్యాన్నే ఆధారంగా తీసుకుని పాస్‌వర్డు అడగకుండా లోపలికి రానిచ్చే పద్ధతిని మైఎస్‌క్యూఎల్‌లో ఆథ్‌సాకెట్ అనీ, మరియాడీబీలో యూనిక్స్‌సాకెట్ అనీ, పోస్ట్‌గ్రెస్‌లో పీర్ అనీ అంటారు. పేర్లు మూడు, పని ఒకటే.

కొత్తవారిని అన్నింటికన్నా ఎక్కువగా తికమక పెట్టేది లోకల్‌హోస్ట్ అన్న మాట. లైనక్స్‌లో మైఎస్‌క్యూఎల్ క్లయింటుకు, అంటే మన తరఫున సర్వర్‌ను పలకరించే ప్రోగ్రాముకు, లోకల్‌హోస్ట్ అని చెబితే అది పెరటి గుమ్మానికే వెళుతుంది. పోర్టు సంఖ్య రాసి ఇచ్చినా వీధి వైపు వెళ్లదు. 127.0.0.1 అని అంకెలతో చెబితేనే వీధి గుమ్మం తడుతుంది. పోస్ట్‌గ్రెస్ క్లయింటు తీరు దీనికి వ్యతిరేకం. అక్కడ లోకల్‌హోస్ట్ అంటే వీధి గుమ్మం. హోస్ట్ పేరే చెప్పకుండా వదిలేస్తే పెరటి గుమ్మం. ఒకే మాటకు రెండు డేటాబేస్‌లలో రెండు అర్థాలు. ఒకదానికి పనిచేసిన చిట్కా రెండవదానికి ఎందుకు పనికిరాదో అడిగేవారికి నేను ముందు చెప్పేది ఈ తేడానే.

భీమవరం ఫొటో: 1698 అన్న సంఖ్య

ఆ అమ్మాయి ఉబుంటు అనే లైనక్స్ రకం మీద మైఎస్‌క్యూఎల్ పెట్టింది. టెర్మినల్‌లో సుడోతో, అంటే రూట్ హక్కుతో నడిపించే కమాండుతో, తెరిస్తే పాస్‌వర్డు లేకుండానే డేటాబేస్ తెరుచుకుంది. అదే రూట్ పేరుతో తన పీహెచ్‌పీ వెబ్ పేజీ నుంచి ప్రయత్నిస్తే ఎర్రర్ 1698.

ఆ సంఖ్య దగ్గర ఒక క్షణం ఆగితే సగం సమాధానం అక్కడే దొరుకుతుంది. పాస్‌వర్డు తప్పయినప్పుడు మైఎస్‌క్యూఎల్ ఇచ్చే సంఖ్య 1045. ఆ సందేశం చివర పాస్‌వర్డు వాడారా, ఎస్ లేదా నో అని కూడా ఉంటుంది. 1698 సందేశంలో ఆ తోక ఉండదు. ఈ ఖాతాకు పాస్‌వర్డుతో సంబంధమే లేదు కాబట్టి దాని ప్రస్తావన కూడా లేదు. డేటాబేస్ కెర్నల్‌ను అడిగింది: వచ్చింది లైనక్స్ రూటేనా? కెర్నల్ చెప్పింది: కాదు, వెబ్ సర్వర్ ఖాతా. అంతటితో సంభాషణ ముగిసింది. ఆమె పాస్‌వర్డు పెట్టెలో ఏమి రాసినా ఫలితం ఇదే.

మరి టెర్మినల్‌లో ఎలా తెరుచుకుంది? సుడోతో నడిపిన ప్రోగ్రాము లైనక్స్ రూట్ పేరు మీద నడుస్తుంది. పెరటి గుమ్మం దగ్గర ముఖం గుర్తుపట్టారు.

ఆమె ఇంకొక పని కూడా చేసింది. ఇన్‌స్టాల్ తర్వాత భద్రత కోసం నడిపే స్క్రిప్టులో రూట్‌కు పాస్‌వర్డు పెట్టబోయింది. ఈ ఖాతా గుర్తింపు వివరాలను డేటాబేస్ దాచుకోదు కాబట్టి పాస్‌వర్డు పెట్టినా అర్థం లేదన్న సందేశం వచ్చింది. ఆమె దాన్ని ఏదో హెచ్చరిక అనుకుని వదిలేసింది. నిజానికి ఆ రోజు తెర మీద కనిపించిన వాక్యాలన్నింటిలో అసలు సంగతి చెప్పింది అదొక్కటే.

ఈ చిక్కు విద్యార్థులకే ఎక్కువగా ఎదురవడానికి ఒక కారణం ఉంది. చాలామంది మొదటి రెండు మూడేళ్లు విండోస్ మీద ఎక్స్‌ఏఎమ్‌పీపీ అనే రెడీమేడ్ ప్యాకేజీతో నేర్చుకుంటారు. అందులో రూట్‌కు పాస్‌వర్డు ఉండదు; పేరు రూట్, పాస్‌వర్డు ఖాళీ అని రాస్తే చాలు, పేజీ నడుస్తుంది. అలా అలవాటైన చేతులు చివరి సంవత్సరంలో అద్దె సర్వర్ మీదికి వస్తాయి. అక్కడ ఉబుంటు. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, కానీ ఇల్లు మారింది, గుమ్మాలు మారాయి.

ఈ మార్పు ఎప్పుడు వచ్చింది

పదేళ్ల కిందటి పద్ధతి వేరు. మైఎస్‌క్యూఎల్ 5.6 వరకు కొత్తగా పెట్టిన డేటాబేస్‌లో సాధారణంగా రూట్ ఖాళీ పాస్‌వర్డుతోనే తయారయ్యేది. దానితోపాటు పేరు లేని అనామక ఖాతాలు కూడా వచ్చేవి. సర్దుకుని పాస్‌వర్డు పెట్టుకోవడం వాడేవారి బాధ్యత. చాలామంది పెట్టుకునేవారు కాదు.

2015లో వచ్చిన 5.7 ఈ అలవాటును తెంచింది. మైఎస్‌క్యూఎల్ యజమాని ఒరాకిల్ సంస్థ తానే ఇచ్చే ఆర్‌పీఎమ్ (రెడ్‌హ్యాట్ తరహా లైనక్స్‌కు సరిపోయే) ప్యాకేజీలలో రూట్‌కు ఒక తాత్కాలిక పాస్‌వర్డు దానంతటదే తయారై లాగ్ ఫైలులో రాసి ఉంటుంది. దానితో లోపలికి వెళ్లినా ముందుగా దాన్ని మార్చుకోవాలి. మార్చకుండా ఏ పని అడిగినా 1820 వస్తుంది. కొత్త పాస్‌వర్డులో కనీసం ఎనిమిది అక్షరాలు, అందులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం, అంకె, ప్రత్యేక గుర్తు ఉండాలి, లేకపోతే 1819. ఉబుంటు, డెబియన్ అనే లైనక్స్ రకాలు ఇంకో దారి పట్టాయి. 2017లో వచ్చిన డెబియన్ 9 మైఎస్‌క్యూఎల్ స్థానంలో మరియాడీబీని తెచ్చి రూట్‌ను సాకెట్ పద్ధతికి కట్టేసింది. ఉబుంటు 18.04 నుంచి మైఎస్‌క్యూఎల్ ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు పాస్‌వర్డు అడగడం మానేసింది. 2019లో మరియాడీబీ 10.4 ఈ పద్ధతిని లైనక్స్‌లో అన్ని చోట్లా తన సొంత అలవాటుగా చేసుకుంది.

అంటే ఒకే డేటాబేస్‌ను ఎవరు ప్యాకేజీ కట్టారన్నదాన్ని బట్టి మొదటి లాగిన్ తీరు మారుతుంది. ఒక చోట పాస్‌వర్డు లాగ్‌లో ఉంటుంది, ఒక చోట ఇన్‌స్టాల్ సమయంలోనే అడుగుతారు, ఒక చోట అసలు ఉండదు. "మైఎస్‌క్యూఎల్ రూట్ పాస్‌వర్డు డీఫాల్టుగా ఏమిటి" అన్న ప్రశ్నకు ఒక్క జవాబు లేకపోవడానికి కారణం ఇదే.

సాకెట్ పద్ధతి మంచిదా కాదా

ఈ విషయంలో అనుభవజ్ఞులే రెండు వర్గాలుగా ఉన్నారు, రెండు వైపులా బలమైన మాటలున్నాయి.

సమర్థించేవారి వాదన ఇలా ఉంటుంది. లేని పాస్‌వర్డును ఎవరూ దొంగిలించలేరు, ఊహించలేరు. రాత్రిపూట నకలు తీసే స్క్రిప్టులో పాస్‌వర్డు రాసిపెట్టాల్సిన అవసరం ఉండదు. ఎవరైనా కంప్యూటర్‌కు రూట్ అయితే డేటాబేస్ ఫైళ్లన్నీ ఎలాగూ వారి చేతిలోనే ఉన్నాయి. అలాంటి మనిషిని ఇంకో పాస్‌వర్డు అడగడం వల్ల అదనంగా ఒరిగేది కొంచెమే.

వ్యతిరేకించేవారు అనేది వేరు. సుడో హక్కు ఉన్న ప్రతివారూ డేటాబేస్‌కు కూడా పెద్దలైపోతారు. లెక్కల విభాగంలో సర్వర్ చూసే మనిషీ డేటా చూసే మనిషీ వేర్వేరుగా ఉండాలనుకునే చోట ఇది ఇబ్బంది. పైగా కొత్తవారికి అర్థం కాని తలుపు పెడితే వారు దాన్ని తీసి పక్కన పడేస్తారు, ఆ తర్వాత స్థితి మునుపటికన్నా అధ్వానంగా ఉంటుంది.

రెండవ మాటలో నాకు బరువు కనిపిస్తుంది, ఎందుకంటే అది నా కళ్ల ముందే జరుగుతోంది. 1698 చూసిన విద్యార్థి రూట్‌ను పాస్‌వర్డు పద్ధతికి మార్చి, మూడు అంకెల పాస్‌వర్డు పెట్టి, దాన్ని వెబ్ పేజీ కోడ్‌లో రాస్తాడు. పని జరుగుతుంది. కానీ ఆ పేజీలో ఒక్క కన్నం ఉన్నా డేటాబేస్ మొత్తం పోతుంది. అదే పేజీకి వేరే ఖాతా తయారుచేసి, ఆ ప్రాజెక్టు పట్టికల మీద మాత్రమే హక్కు ఇస్తే రూట్ జోలికి వెళ్లాల్సిన పనే ఉండదు. భీమవరం అమ్మాయి చివరికి చేసింది ఇదే. రూట్ ఎలా ఉన్నదో అలాగే ఉంది, ఆమె పేజీ వేరే పేరుతో వెళ్లింది, పావుగంటలో ప్రాజెక్టు నడిచింది.

మండపేట ఫొటో: కొత్త ఇన్‌స్టాల్, పాత ఇల్లు

మిల్లు పెద్దాయనకు వచ్చింది 1045, చివర పాస్‌వర్డు వాడారు, ఎస్ అని ఉంది. అంటే క్లయింటు పాస్‌వర్డు పంపింది, సర్వర్ పోల్చి చూసింది, సరిపోలేదు. ఆయన మాత్రం డేటాబేస్‌ను తీసేసి మళ్లీ పెట్టానని, కొత్త పాస్‌వర్డే కొడుతున్నానని గట్టిగా చెప్పారు.

నిజంగానే తీసేశారు. కానీ ఉబుంటు, డెబియన్‌లలో ప్యాకేజీని రిమూవ్ చేస్తే ప్రోగ్రాము మాత్రమే పోతుంది. డేటా ఉండే డైరెక్టరీ, అంటే వార్ కింద లిబ్, దాని కింద మైఎస్‌క్యూఎల్ అనే పేరుతో ఉండేది, అలాగే మిగిలిపోతుంది. ఖాతాలూ పాస్‌వర్డులూ ఉండేది అందులోనే. మళ్లీ ఇన్‌స్టాల్ చేసినప్పుడు సర్వర్ ఆ డైరెక్టరీని చూసి, ఇల్లు సిద్ధంగానే ఉందనుకుని పాత తాళాలతోనే కాపురం మొదలుపెట్టింది. ఆయన పెట్టాననుకున్న కొత్త పాస్‌వర్డు ఎక్కడా నమోదు కాలేదు.

ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే డాకర్‌లోనూ ఇదే కథ. రూట్ పాస్‌వర్డును ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో రాస్తే అది డేటా డైరెక్టరీ ఖాళీగా ఉన్న మొదటిసారి మాత్రమే పనిచేస్తుంది. తర్వాత ఆ విలువ ఎన్నిసార్లు మార్చినా సర్వర్ పట్టించుకోదు.

ఇక్కడ ఒక ప్రమాదం చెప్పకుండా ఉండలేను. ఈ దశలో చాలామంది ఆ డైరెక్టరీనే చెరిపేస్తారు. పరీక్ష కోసం పెట్టిన డేటాబేస్ అయితే ఇబ్బంది లేదు. మిల్లులో అయితే రెండు పంటల ధాన్యం లెక్క, రైతుల బకాయిలు, బస్తాల తూకాలు అన్నీ అందులోనే ఉన్నాయి. పెద్దాయన ఫోను చేసినప్పటికి చెరపలేదు. అది ఆయన అదృష్టం. నాకూ గుండె కుదుటపడింది.

1045కు ఇంకా కారణాలున్నాయి, అవి చిన్నవే అయినా గంటలు తినేస్తాయి. చివర నో అని ఉంటే క్లయింటు పాస్‌వర్డు పంపలేదని అర్థం. పీ ఆప్షన్ తర్వాత ఖాళీ వదిలి పాస్‌వర్డు రాస్తే మైఎస్‌క్యూఎల్ ఆ పదాన్ని డేటాబేస్ పేరు అనుకుంటుంది. పాస్‌వర్డు మళ్లీ అడుగుతుంది. పాస్‌వర్డులో డాలర్ గుర్తు ఉండి దాన్ని జంట కొటేషన్లలో రాస్తే షెల్ (మన కమాండులను చదివే ప్రోగ్రాము) దాన్ని వేరియబుల్ అనుకుని మార్చేస్తుంది. కనెక్షన్ చిరునామాలో ఎట్ గుర్తు ఉన్న పాస్‌వర్డు రాస్తే అక్కడితో పాస్‌వర్డు అయిపోయిందని ప్రోగ్రాము పొరబడుతుంది. మన హోమ్ డైరెక్టరీలో పాత సెట్టింగుల ఫైలు ఉంటే, మనం ఏమీ టైపు చేయకపోయినా పాత పాస్‌వర్డు తనంతట తానే వెళ్లిపోతుంది.

అనామక ఖాతాల ఉచ్చు కూడా ఇక్కడిదే. పాత సర్వర్‌లో మిల్లు అనే పేరుతో, ఎక్కడి నుంచైనా రావచ్చని ఒక ఖాతా చేశారనుకుందాం. అదే సర్వర్‌లో లోకల్‌హోస్ట్ నుంచి వచ్చే పేరు లేని ఖాతా ఒకటి ఇప్పటికే ఉంది. లోకల్‌హోస్ట్ నుంచి మిల్లు వస్తే సర్వర్ ఏ వరుసను ఎంచుకుంటుంది? చోటు మరింత నిర్దిష్టంగా ఉన్న వరుసను, అంటే పేరు లేని ఖాతాను. దానికి మిల్లు పాస్‌వర్డు సరిపోదు కాబట్టి 1045. ఖాతా ఉంది, పాస్‌వర్డు సరైనది, అయినా ప్రవేశం లేదు.

కడియం ఫొటో: పోస్ట్‌గ్రెస్ మాట్లాడే తీరు

నర్సరీ కుర్రవాడు పెట్టింది పోస్ట్‌గ్రెస్. ఈ డేటాబేస్‌లో ఏ గుమ్మం నుంచి వచ్చినవారిని ఏ పద్ధతిలో అడగాలో ఒక ఫైలులో వరుసగా రాసి ఉంటుంది. పీజీ హెచ్‌బీఏ అంటారు. సర్వర్ పై నుంచి కిందికి చదువుతూ, సరిపోయిన మొదటి వరుస దగ్గర ఆగిపోతుంది. ఆ వరుసలో విఫలమైతే కింది వరుసకు వెళ్లి ఇంకో అవకాశం ఇవ్వదు. అందుకే ఫైలు చివర కొత్త వరుస చేర్చినవారికి ఏ మార్పూ కనిపించదు. పైనున్న వరుస ముందే పట్టుకుంటోంది. ఫైలు మార్చాక సర్వర్‌ను రీలోడ్ చేయకపోయినా, అంటే దాన్ని మళ్లీ చదవమని చెప్పకపోయినా అంతే.

ఆ కుర్రవాడికి వరుసగా మూడు వేర్వేరు సందేశాలు వచ్చాయి. ఇదొక చక్కటి పాఠం కాబట్టి వరుసగా చెబుతాను. మొదట తన లైనక్స్ ఖాతా నుంచి పోస్ట్‌గ్రెస్ పేరుతో వెళ్లబోయాడు. పీర్ గుర్తింపు విఫలమైందన్నది. కెర్నల్ చెప్పిన పేరు ఒకటి, అతను అడిగిన పేరు ఒకటి, కుదరలేదు. తర్వాత ఏ పేరూ చెప్పకుండా ప్రయత్నించాడు. ఈసారి అతని సొంత పేరు గల రోల్ (పోస్ట్‌గ్రెస్‌లో ఖాతాను ఇలా అంటారు) లేదన్నది. చాలామంది దీన్ని మరో వైఫల్యంగా చూస్తారు. నిజానికి ఇక్కడ పీర్ పరీక్ష దాటాడు. గుమ్మం దగ్గర గుర్తుపట్టారు, కానీ లోపల అతని పేరుతో ఖాతా లేదు. మూడవసారి లోకల్‌హోస్ట్ అని చేర్చి వీధి గుమ్మం తట్టాడు. పాస్‌వర్డు అడిగింది, ఏది కొట్టినా తప్పన్నది.

ఈ మూడవదే అతన్ని రెండు రోజులు తిప్పింది. విండోస్ మీద పోస్ట్‌గ్రెస్ పెట్టేటప్పుడు ఇన్‌స్టాలర్ ఈ ఖాతాకు పాస్‌వర్డు అడిగి తీసుకుంటుంది. ఉబుంటులో అలా అడగదు, ఏ పాస్‌వర్డూ పెట్టదు. లేని పాస్‌వర్డుతో ఏదీ సరిపోదు కాబట్టి ప్రతి ప్రయత్నమూ తప్పే అవుతుంది. దారి పెరటి వైపే ఉంది: సుడోతో లైనక్స్ పోస్ట్‌గ్రెస్ ఖాతాగా మారి లోపలికి వెళ్లి, అక్కడి నుంచి నర్సరీ కోసం వేరే రోల్, దానికి పాస్‌వర్డు, ఒక డేటాబేస్ తయారుచేసుకోవడం.

లాగిన్ ఎర్రర్‌లా కనిపించినా లాగిన్ కానివి

మైఎస్‌క్యూఎల్‌లో 2002, 2003 అన్న సంఖ్యలు వస్తే పాస్‌వర్డు గురించి ఆలోచించనవసరం లేదు. గుమ్మం దాకా మనిషి చేరనే లేదు. సందేశం చివర చిన్న అంకె ఒకటి ఉంటుంది, అసలు విషయం అందులోనే ఉంటుంది. 2002తో పాటు 2 ఉంటే సాకెట్ ఫైలు అక్కడ లేదు, బహుశా సర్వర్ నడవడం లేదు. 13 ఉంటే ఫైలు ఉంది కానీ తాకే హక్కు లేదు. 2003తో పాటు 111 ఉంటే అవతలి యంత్రం దొరికింది, ఆ పోర్టులో ఎవరూ వినడం లేదు. ఉబుంటులో మైఎస్‌క్యూఎల్ మొదట్లో 127.0.0.1 మీద మాత్రమే వింటుంది కాబట్టి పక్క గదిలోని కంప్యూటర్ నుంచి ప్రయత్నిస్తే ఇదే వస్తుంది. 110 అయితే జవాబు రాక సమయం మించిపోయింది. దారిలో ఫైర్‌వాల్ మింగేస్తున్నట్టు. 1130 మాత్రం వేరు: సర్వర్ విన్నది, కానీ ఆ చోటి నుంచి వచ్చేవారికి ఒక్క ఖాతా కూడా రాసి లేదు.

పాత చిట్కాలు ఎందుకు పనిచేయవు

వెతికితే దొరికే సలహాలలో చాలావరకు ఒకప్పుడు సరైనవే. యూజర్ పట్టికలో పాస్‌వర్డు నిలువు వరుసను నేరుగా మార్చమనే చిట్కా మైఎస్‌క్యూఎల్ 5.7తో చెల్లిపోయింది, ఆ నిలువు వరుసనే తీసేశారు. పాస్‌వర్డు అనే ఫంక్షన్ 8.0లో పోయింది. మరియాడీబీ 10.4 నుంచి ఆ యూజర్ పట్టిక అసలు పట్టికే కాదు, వేరే పట్టికను చూపించే వ్యూ.

ఇంకో చిట్కా ఖాతాను నేటివ్ పాస్‌వర్డు పద్ధతికి మార్చమంటుంది. 2018లో 8.0 వచ్చినప్పుడు పాస్‌వర్డు దాచే పద్ధతి మారింది, పాత కనెక్టర్లకు, అంటే ప్రోగ్రామును డేటాబేస్‌తో కలిపే భాగాలకు, కొత్త పద్ధతి తెలియదు, 1251 లేదా 2059 వచ్చేవి. అప్పుడు ఈ చిట్కా చాలామందిని ఒడ్డున పడేసింది. 2024లో వచ్చిన 8.4లో ఆ పాత పద్ధతిని మొదటి నుంచే ఆపేశారు, అదే ఏడాది 9.0లో పూర్తిగా తీసేశారు. ఈ కొత్త వెర్షన్లలో అదే చిట్కా పాటిస్తే 1524 వస్తుంది, ఆ ప్లగిన్ లోడ్ కాలేదని.

అన్నిటికన్నా ఎక్కువగా తిరిగే చిట్కా హక్కుల తనిఖీ మొత్తం ఆపేసి సర్వర్ నడపడం. మరిచిన రూట్ పాస్‌వర్డు మార్చడానికి అది ఉపయోగపడుతుంది, మైఎస్‌క్యూఎల్ పత్రాలలోనూ ఉంది. కానీ ఆ స్థితిలో గుమ్మాలన్నీ బార్లా తెరిచి ఉంటాయి. అందుకే 8.0 నుంచి ఈ పద్ధతి ఎంచుకోగానే వీధి గుమ్మం తనంతట తానే మూసుకుంటుంది. పాస్‌వర్డు మార్చే వాక్యాన్ని ఒక ఫైలులో రాసి, సర్వర్ మొదలయ్యేటప్పుడు ఒక్కసారి చదివించే పద్ధతి కూడా ఉంది. కాస్త ఎక్కువ పని, కానీ తలుపు ఒక్క క్షణం కూడా తెరిచి ఉండదు. మండపేటలో మేము ఈ రెండవదే వాడాం. ధాన్యం లెక్కలు చెక్కుచెదరలేదు.

తెరిచి వదిలేస్తే ఏమవుతుందో 2017 జనవరిలో ప్రపంచం చూసింది. పాస్‌వర్డు లేకుండా ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న వేలాది మోంగోడీబీ డేటాబేస్‌లను దుండగులు ఖాళీ చేసి, డబ్బు పంపితే తిరిగి ఇస్తామని చీటీ పెట్టి వెళ్లారు. ఇన్‌స్టాల్ అయిన వెంటనే అడ్డుపడే ఈ తలుపుల వెనుక అలాంటి అనుభవాలున్నాయి.

సర్వర్ మనకు చెప్పనిది, తన డైరీలో రాసుకునేది

సందేశాలు ఇంత ముక్తసరిగా ఎందుకుంటాయన్న ఫిర్యాదు న్యాయమైనదే. మైఎస్‌క్యూఎల్‌లో పేరు తప్పయినా 1045, పాస్‌వర్డు తప్పయినా 1045. పోస్ట్‌గ్రెస్‌లో పాస్‌వర్డు పద్ధతిలో వచ్చినప్పుడు రోల్ లేకపోయినా పాస్‌వర్డు తప్పనే అంటుంది. ఇది కావాలని చేసిన పని. పేరు లేదని చెబితే, ఉన్న పేర్లేవో దొంగ ఒక్కొక్కటిగా తెలుసుకుంటాడు.

కానీ పోస్ట్‌గ్రెస్ సర్వర్ తన లాగ్‌లో దాపరికం లేకుండా రాస్తుంది, యంత్రం మీద హక్కు ఉన్నవారు దాన్ని చదవవచ్చు. కడియం కుర్రవాడి చేత ఆ ఫైలు తెరిపించి చివరి వరుసలు చదవమన్నాను. రెండు రోజులుగా తెర మీద పాస్‌వర్డు తప్పు అని చెప్పిన సర్వర్, అదే క్షణానికి లాగ్‌లో రాసుకున్నది ఇది: పోస్ట్‌గ్రెస్ అనే యూజర్‌కు పాస్‌వర్డు ఏదీ కేటాయించలేదు. దాని కిందే, గుర్తింపు ఫైలులో ఏ వరుస దగ్గర పట్టుకున్నదో ఆ వరుస సంఖ్య కూడా.